గోడ వెనక నుంచి శత్రంజి మీదికి

శంషాబాద్ మీదుగా మీలో చాలామంది వెళ్లే ఉంటారు. కర్నూలు బస్సులో కునికిపాట్లు పడుతూనో, కిటికీలోంచి చెయ్యి చాపి పల్లీల పొట్లం కొనుక్కుంటూనో దాటి ఉంటారు. దిగి మాత్రం ఉండరు. నేనూ పద్దెనిమిదేళ్లుగా హైదరాబాదులో కాపురముంటూ ఒక్కసారీ దిగలేదు. తెనాలిలో పుట్టి, దిల్‌సుఖ్‌నగర్‌లో స్థిరపడి, ఆఫీసూ ఇల్లూ కూరల బజారూ తప్ప మరో దిక్కు ఎరగని మనిషిని. అలాంటి దాన్ని జూన్ మొదట్లో మూడు రోజులు సెలవు పెట్టి అటు ఎందుకు వెళ్లానంటే, కోపం వచ్చి.

మా కాలనీకి ఆ ఏడాది కొంత డబ్బు మంజూరైంది. మా వీధి చివర మురుగు కాలువ పొంగి ముక్కు మూసుకోకుండా నడవలేని పరిస్థితి. అయినా ఆ డబ్బుతో కాలనీ పేరు రాసిన పెద్ద కమాను కట్టారు. ఆ నిర్ణయం జరిగిన సమావేశంలో నేనూ ఉన్నాను. మూడో వరుసలో కూర్చుని పకోడీలు తిన్నాను. తర్వాత కార్యదర్శిని నిలదీస్తే, "మీరేమీ అనలేదు కదండీ" అన్నాడు. ఆ రోజు నుంచి నాకు అన్నం సహించలేదు.

మా ఆఫీసు అటెండరు నర్సింహ నా గొణుగుడు వారం రోజులు విన్నాడు. చివరికి, "మా అక్కోళ్ల ఊర్ల గ్రామసభ ఉన్నది మేడమ్. సర్కారు పైసలు ఏడ పెట్టాల్నో ఊరోళ్లనే చెప్పమంటున్నరు. జర పోయి చూసి రాండ్రి, మీ పానం నిమ్మలమైతది" అన్నాడు. ఊరివాళ్లు నిజంగా చెబుతారా, చెబితే వింటారా? అది కళ్లారా చూడాలని బయల్దేరాను. ఆ ఊరి పేరు మాత్రం రాయను. రాస్తే అక్కడి ఆడవాళ్లు ఊరుకున్నా మగవాళ్లు ఊరుకోరు.

కాటేదాన్ దుమ్ము

మొదటి బస్సు కాటేదాన్ మీదుగా వెళ్లింది. రోడ్డుకి రెండువైపులా చిన్న చిన్న కార్ఖానాలు, రేకుల షెడ్లు, ప్లాస్టిక్ కాలిన వాసన. షిఫ్టు దిగిన ఆడపిల్లలు పదిమంది ఒకేసారి ఎక్కారు. నా పక్కన కూర్చున్న పిల్ల బిస్కెట్ల ఫ్యాక్టరీలో పొట్లాలు కడుతుందట. నేను చీర కొంగుతో ముక్కు మూసుకోవడం చూసి, "కొత్తనా ఆంటీ? రెండు దినాలల్ల అలవాటైతది" అని ధైర్యం చెప్పింది. దిగేటప్పుడు విరిగిన బిస్కెట్ల పొట్లం ఒకటి నా ఒళ్లో పెట్టి పోయింది. డబ్బులివ్వబోతే పిల్లలందరూ నవ్వారు. మా కాలనీలో పద్దెనిమిదేళ్లలో పక్కింటివాళ్లు నాకు విరిగిన బిస్కెట్టు కూడా పెట్టలేదు.

శంషాబాద్‌లో రెండు టీలు

శంషాబాద్‌లో దిగి హోటల్లో టీ చెప్పాను. రెండు రూపాయలు. చక్కెర పాకంలో పాలు పోశారా అన్నంత తీపి. కాఫీ ఉందా అని అడిగితే అక్కడి కుర్చీల్లో ఉన్నవాళ్లంతా నావైపు తిరిగి చూశారు. ఆ చూపుల్లోంచే తెల్లచొక్కా మనిషొకాయన లేచి వచ్చి, నేను అడక్కుండానే ఎదురుగా కూర్చుని ఇంకో టీ తెప్పించాడు.

"ఎకరాలు చూడనీకి వచ్చిన్రా మేడమ్?"

కాదన్నాను. ఆయన నమ్మలేదు. నా యాస విన్నాక అసలే నమ్మలేదు. విమానాశ్రయం ఇక్కడికే వస్తుందని, నిన్న చెప్పిన ధర ఇవాళ లేదని, రేపు ఇవాళ్టిది ఉండదని గబగబా చెప్పుకుపోయాడు. గ్రామసభ చూడ్డానికి వచ్చానని చెప్పాక ఒక్క క్షణం ఆగి, "సభల ఏముంటది చూడనీకి? గోడలుంటయి" అన్నాడు. ఆ గోడల సంగతి మర్నాడు గానీ నాకు అర్థం కాలేదు. టీ డబ్బులు మాత్రం తనే ఇచ్చాడు. సెవెన్ సీటర్ ఆటోలో పదమూడో మనిషిగా నన్ను కూర్చోబెట్టి పంపింది కూడా ఆయనే. ఊరి మొదట దిగేసరికి నా కుడి కాలి చెప్పు పట్టీ తెగిపోయింది. పిన్నీసు పెట్టుకుని ఈడ్చుకుంటూ నడిచాను.

మీది వాడ

నర్సింహ అక్క పేరు అండాలు. నలభై ఏళ్లుంటాయి. ఆ ఇంట్లో ఆమె, పదో తరగతికి వచ్చిన కూతురు, మామ మల్లయ్య. భర్త ట్రాక్టరు తోలుతూ నెలలో సగం రోజులు బయటే ఉంటాడు. ఇల్లు ఊరికి కాస్త ఎత్తులో, 'మీది వాడ' అని పిలిచే చోట ఉంది. రాత్రి జొన్నరొట్టె, పచ్చిపులుసు, పుంటికూర పప్పు పెట్టింది. ఆ పుంటికూర మా గోంగూరే. ఆ మాట అంటే అండాలు ఒప్పుకోలేదు. "మీది మీకు, మాది మాకు అక్కా" అంది. రొట్టె విరవడం చేతకాక నేను అవస్థ పడుతుంటే మల్లయ్య వెన్న తెచ్చి నా రొట్టె మీద వేశాడు. మంచి మనిషి. నన్ను "బిడ్డా" అనే పిలిచాడు.

ఒక్కటి గమనించాను. మల్లయ్య మంచం మీద ఉన్నంతసేపూ అండాలు కూర్చోలేదు. వడ్డించింది, విసనకర్రతో విసిరింది, నాతో కబుర్లు చెప్పింది, అన్నీ నిలబడే. ఆయన లేచి బయటికి వెళ్లాకే గోడకి చేరగిలబడింది. మామ, బావ కూర్చున్నచోట కోడలు కూర్చోకూడదట. మా వైపు ఈ పట్టింపు ఎప్పుడో పోయిందని కాస్త గొప్పగానే చెప్పాను. పకోడీలు గుర్తొచ్చి అంతటితో ఆపేశాను. మేం కూర్చుంటాం, నోరు మాత్రం విప్పం.

మర్నాడు తెల్లవారుజామున లేచేసరికి అండాలు లేదు. మీది వాడలో చేతిబోరింగు ఒకటి ఉంది కానీ ఎర్రటి నీళ్లు పోస్తుంది. తాగే నీళ్లకు దిగువన పొలాల మధ్య కరెంటు మోటారు దగ్గరికి పోవాలి. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు. నేనూ ఒక బిందె తీసుకుని వెంట నడిచాను. తిరిగొచ్చేటప్పుడు సగం దారిలో బిందె దించేశాను. అండాలు రెండు బిందెలతో నా ముందు నడుస్తూ ఒకచోట ఆగి, పళ్లు బిగించి, పొట్ట కింద చెయ్యి ఒత్తుకుని నిలబడింది.

"ఏమైంది?" అని కంగారుగా అడిగాను.

"గర్భసంచి జారిందక్కా. దవాఖానల సూపెట్టుకున్న. బరువు ఎత్తద్దన్నడు డాక్టరు. ఎత్తకుంటే నీళ్లు ఎవ్వరు తెస్తరు? పిల్లను పంపుదమంటే దానికి బడి పోతది."

రోజుకు ఎన్ని బిందెలని అడిగాను. పద్నాలుగు అంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి, ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ మోటారున్నది ప్రభుత్వం వేసిన మంచి బోరుకే. అక్కడి నుంచి పైపు వేసి మీది వాడలో నల్లా పెడితే చాలు. రేపటి సభలో తేలాల్సింది సరిగ్గా అదే. వచ్చిన డబ్బు ఒకే పనికి సరిపోతుంది. ఈ పైపైనా వెయ్యాలి, లేదా హైవే నుంచి ఊళ్లోకి సిమెంటు రోడ్డయినా పొయ్యాలి. రోడ్డు పడితే భూముల ధర లేస్తుందని మగవాళ్లలో ఎక్కువమంది దాని పక్షమే. మల్లయ్య కూడా.

"పోయినేడు గూడ అడిగినం," అంది అండాలు. "యాభై మందిమి పోయినం సభకు. బడి గోడెన్క పొద్దుమూకే దాంక నిలవడ్డం. అయినా గుడి ముంగట బండలేసిన్రు. మేము అచ్చినమని ఆళ్లకు ఎర్కనే. ఎందుకు గిట్ల చేసిన్రో సమజ్ కాలె."

మంఖాల్ వదిన

ఎందుకో తెలుసుకుందామని ఆ పూటే మంఖాల్ వెళ్లాం. అక్కడ అండాలు వదిన సత్తెమ్మ ఉంది. వార్డు మెంబరుగా గెలిచింది, ఐదో తరగతి దాకా చదివింది. రెండు ఆటోలు మారి, కాస్త నడిచి, నా పిన్నీసు రెండుసార్లు ఊడి, చివరికి చేరాం. మండువేసవి ఇంకా పోలేదు. సత్తెమ్మ ముందు చల్ల కలిపిన గట్క గిన్నెలో పోసి ఇచ్చింది. జొన్నరవ్వతో వండిన ఆ జావ తాగాక మళ్లీ నడవగలననిపించింది. నా చెప్పు చూసి, అడక్కుండానే దబ్బనం, దారం తెచ్చి కుట్టడం మొదలుపెట్టింది.

అండాలు గోడ వెనక యాభై మంది సంగతి చెప్పింది. సత్తెమ్మ కుట్టడం ఆపింది.

"నిలబడ్డరా? శత్రంజి మీద కూసోలేదా?" శత్రంజి అంటే సభలో పరిచే జంపఖానా.

"మామలు, బావలు కూసున్నరు గదా వదినా. ఆళ్ల ముంగట మేమెట్ల కూసుంటం?"

"ఓసి పిచ్చిదానా! మండలంకెల్లి అచ్చే సారు శత్రంజి మీద కూసున్నోళ్ల చేతులే లెక్కవెడతడు. నిలవడ్డోళ్లు సూడ అచ్చినోళ్ల కింద పోతరు. మీరు యాభై మందిమి అనుకున్నరు. ఆ కాగితం మీద మీరు ఒక్కరు గూడ లేరు."

అండాలు చేతిలో గట్క గిన్నె అలాగే ఉండిపోయింది. మర్యాద కోసం నిలబడ్డారు, ఆ మర్యాదే వాళ్లను కాగితంలో లేకుండా చేసింది. వాళ్లకు ఏడాదిపాటు ఆ సంగతే తెలియదు. సత్తెమ్మ చెప్పు నా ముందు పడేసి, "ఇగ గట్టిగున్నది, నడువు" అంది. నాతో అందో, అండాలుతో అందో తెలియలేదు. ఇద్దరం లేచాం.

ఇంటింటికీ

ఆ సాయంత్రం మీది వాడంతా తిరిగాం. ప్రతి ఇంట్లో టీ ఇచ్చారు, ప్రతి ఇంట్లో ఒకే మాట చెప్పారు. నల్లా కావాలి. మామ ముందు కూర్చోలేం. ఒకావిడ చెంపలు వేసుకుంది. ఇంకొకావిడ, "మా బావ ఇంట్లకు రానియ్యడు" అంది. నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. హక్కులు, చట్టం, ప్రజాస్వామ్యం, నోటికొచ్చినవన్నీ చెప్పాను. అందరూ ఎంతో గౌరవంగా విని, "మీరు సదువుకున్నోళ్లక్కా" అన్నారు. దాని అర్థం ఇక చాలించమని. చాలించాను.

అప్పుడు చుట్ట కాలుస్తూ మూల కూర్చున్న ముసలామె పోచమ్మ గొంతు సవరించుకుంది.

"మొకం సూపెట్టుకుంట కూసుంటెనే గదనే తప్పు? ఈపు తిప్పి కూసోండ్రి. కొంగు నెత్తిమీదికెల్లి కప్పుకోండ్రి. సారు లెక్కవెట్టేది తలకాయలను. మొకం ఎటున్నా తలకాయ తలకాయనే."

ఒక్కసారి గొల్లున నవ్వారు. నవ్వు ఆగాక ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. "నేను ముంగట కూసుంట," అంది అండాలు. "నా ఎన్క ఎవ్వరొస్తరో రాండ్రి. రాకుంటె ఒక్కదాన్నే కూసుంట." ఎవరూ సరేనని అనలేదు. రాత్రి ఇంట్లో అండాలు ఎప్పటిలాగే నిలబడి మామకు అన్నం పెట్టింది. రేపటి సంగతి ఆయనతో ఒక్క మాటయినా చెప్పలేదు.

బడి వరండా

సభ పదింటికన్నారు, పన్నెండు దాటాక మొదలైంది. బడికి సెలవులు కాబట్టి వరండాలో శత్రంజి పరిచారు. మండలం నుంచి వచ్చిన అధికారి కుర్చీలో, సర్పంచి ఆయన పక్కన. శత్రంజి మీద మగవాళ్లు. ముందు వరుసలో మల్లయ్య, తెల్లటి తలపాగాతో. ఆడవాళ్లు ఎప్పటిలాగే గోడ వెనక. నేను తలుపు దగ్గర నిలబడి ఒక్కొక్క మొహమే చూస్తున్నాను. ఎవరూ కదలడం లేదు. వచ్చినదారినే తిరిగి పోవాలేమోననిపించింది.

సర్పంచి రోడ్డు గురించి చెప్పాడు. అధికారి కాగితం తీసి, "ఇంకేమైనా పని ఉందా, లేకపోతే రాసేస్తాను" అన్నాడు.

అండాలు గోడ చుట్టూ తిరిగి వచ్చింది. చెప్పులు విప్పింది. కొంగు కప్పుకుంది. తిన్నగా శత్రంజి మీదికి నడిచి, మల్లయ్య పక్కన మూరెడు దూరంలో, ఆయనకు వీపు పెట్టి కూర్చుంది.

"నల్లా పని ఉన్నది సారూ. మీది వాడకు," అంది, అటు పక్కనున్న నల్లబల్లతో.

ఆమె వెనకే పోచమ్మ వచ్చింది. తర్వాత ముగ్గురు కలిసి వచ్చారు. ఆ తర్వాత లెక్క తప్పాను. కొంగులు కప్పుకుని, వీపులు తిప్పి, ఒకరినొకరు నెట్టుకుంటూ కూర్చున్నారు. అధికారి తెల్లబోయాడు.

"అటు తిరిగారేంటమ్మా? ఇటు తిరగండి!"

"మొకంతోని పనేంది సారూ, చేతులు చూడు," అంది పోచమ్మ.

అప్పుడు జరిగింది మేమెవరమూ అనుకోనిది. మల్లయ్య లేచాడు. కోడలు కూర్చున్న శత్రంజి మీద మామ ఎలా కూర్చుంటాడు? ఎర్రబడిన మొహంతో నడిచి వెళ్లి గోడ పక్కన నిలబడ్డాడు. ఆయన లేచాడని పక్కాయన లేచాడు. ఒక్కొక్కరే, కోడళ్లున్న పెద్దవాళ్లందరూ లేచి, పోయినేడు ఆడవాళ్లు నిలబడ్డ గోడ దగ్గరికే చేరారు. శత్రంజి మీద ఆడవాళ్లూ, కొందరు కుర్రవాళ్లూ మిగిలారు.

అధికారికి ఇంకో ఊరికి వెళ్లే తొందర ఉంది. కూర్చున్నవాళ్లను చేతులెత్తమన్నాడు. నల్లాకు నలభై ఆరు. రోడ్డుకు ఇరవై మూడు. "సరే, నల్లా" అని కలం తీశాడు. నేను తలుపు దగ్గర గట్టిగా చప్పట్లు కొట్టబోయాను.

"ఆగు సారూ," అంది అండాలు.

మొదటిసారి ఇటు తిరిగింది. కొంగు కిందికి లాక్కుని, గోడ వైపు చెయ్యి చూపించింది.

"గోడ కాడున్నోళ్లను గూడ లెక్కవెట్టు."

ఆడవాళ్లలో గుసగుస లేచింది. "ఓడిపోతమే!" అని ఎవరో ఆమె మోచెయ్యి పట్టి లాగారు. అధికారి నిబంధన చెప్పబోయాడు, కూర్చున్నవాళ్లనే కదా అని.

"పోయినేడు ఆడ మేము నిలవడ్డం సారూ. లెక్కల లేకుంటే ఎట్లుంటదో మాకు ఎర్క. ఆళ్లు ఊరోళ్లు కాదా? లెక్కవెట్టు."

ఆయన లేచి గోడ దగ్గరికి వెళ్లి ఒక్కొక్కరినే అడిగాడు. పందొమ్మిది మంది. పందొమ్మిది మందీ రోడ్డే అన్నారు. చివర మల్లయ్య. ఆయన కోడలి వైపు చూడకుండానే, "రోడ్డు" అన్నాడు. ఆ మాట కూడా అందులో కలిసింది. మొత్తం నలభై రెండు.

నలభై ఆరు, నలభై రెండు. నాలుగు చేతుల తేడాతో మీది వాడకు నల్లా వచ్చింది. అధికారి రాసిన కాగితం బిగ్గరగా చదివాడు. అండాలు అక్కడే కూర్చుని చదివిందంతా విని, ఇంకోసారి చదివించుకుంది. తర్వాత మెల్లగా, పొట్ట కింద చెయ్యి ఒత్తుకుంటూ లేచింది.

శంషాబాద్ బస్సు దాకా

సాయంత్రం నన్ను ఆటో ఎక్కించడానికి హైవే దాకా వచ్చింది. దారిలో నేను ఉండబట్టలేకపోయాను. నాకు నిజంగానే కోపం వచ్చింది, ఆ కోపంతోనే అడిగాను. ఇంకో ఐదు చేతులు అటు ఉంటే ఏమయ్యేది? గెలిచిన ఆటను ఎందుకు చేతులారా అంచుకు తెచ్చావు? ఆ పద్నాలుగు బిందెలు మళ్లీ నువ్వే కదా మొయ్యాలి?

అండాలు రోడ్డు వైపు చూస్తూ, వచ్చే ఆటోకి చెయ్యెత్తింది.

"పోతే పోతుండె అక్కా. మల్లొచ్చేడు మల్ల కూసుంటుంటిమి. కూసునుడు ఇగ వచ్చింది గదా మాకు."